బియ్యంలో మాగిన తొలి పండు

జ్యేష్ఠం, ఆదివారం

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఈ పొద్దున ఉత్తరపు కొసనున్న మా చలిమిట్టలో తొట్టినీళ్ళ మీద మంచు పెచ్చు కట్టి ఉంటే రోకలి తెచ్చి పగలగొట్టాను. ఏదో ఒకటి పగిలింది కనుక సామెత పరువు దక్కింది.

సొంత మొక్క పెట్టిన ప్రతి ఇంటివాళ్ళూ దాని సంగతులు రాసి ఉంచాలని ఊరి నియమం. నిరుడు నేను "మొక్క బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, మా పెద్దమనిషి గుర్రప్ప మామ దాన్ని మంటపంలో చదివి అందరినీ నవ్వించాడు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

నా పేరు చెంగల్రాయుడు. యంత్రాల కొట్టంలో గాలి జల్లెడలు దులపడం నా పని. ఎండకు తాళలేక మా పెద్దలు వదిలొచ్చిన కిందిదేశంలో జనం అడిగే ప్రశ్నలకు ఆ కొట్టంలోని యంత్రాలు జవాబులు చెబుతాయి. చెప్పీ చెప్పీ వేడెక్కుతాయి. ఆ వేడిని మోసుకొచ్చే నీళ్ళ గొట్టం మా ముప్పై ఇళ్ళ పాదుల కింద నుంచి పోతుంది. కింద పెళ్ళిళ్ళ కాలం వస్తే ఇక్కడ మా మట్టి వెచ్చబడుతుంది, ముహూర్తాలు అడుగుతారు కాబోలు. పిల్లల పరీక్షలప్పుడైతే మొక్కల వేళ్ళు ఉడుకుతాయేమోనని మా భయం.

ఆ వెచ్చని పాదుల్లో ఊరి టమోటా పండుతుంది. మేము పప్పులోకి, చారులోకి వాడుకోగా మిగిలింది కొండవతల వాళ్ళకు ఇస్తాం. వాళ్ళు ఎండుచేప, కట్టెలు ఇస్తారు. ఆ రెండూ ఉంటేనే మాకు చలికాలం గడుస్తుంది.

సొంత మొక్క సంగతి వేరు. అది ఇంటికి ఒకటే. గొట్టానికి అవతల, చల్లటి మట్టిలోనే పెట్టాలి. "వేడి మనది కాదు, విత్తన్నా మనది కావాల" అని మొదట వచ్చినవాళ్ళు అన్నారట. ఎవరి సొంత మొక్క మీద ముందుగా పండు పండితే, ఆ పండు గింజలే మరుసటి ఏడు ఊరంతటికీ విత్తనం. మిగిలిన సొంత మొక్కల కాయలన్నీ ఆ రోజే కోసి, వండకుండా ఉప్పు అద్దుకుని పచ్చివే తినేయాలి. పెద్దలు తెచ్చిన పాత మూటలు తప్ప వేరే గింజ ఎవరూ దాచకూడదు. ఒకప్పుడు దాచుకుని తన్నుకున్నారట. గెలిచిన ఇంటివాళ్ళు విత్తనానికి పేరు పెట్టుకోవచ్చు. నిరుడు ఎవరిదీ పండలేదు, దోరకాయతోనే సరిపెట్టుకున్నాం.

నాది మా ముత్తాత మునుసామి విత్తు. మదనపల్లె మండీలో ఆయన గంప దించితే పక్కవాళ్ళు సిగ్గుపడి తమ గంపల మీద బట్ట కప్పుకునేవారట. గుప్పిట్లో పట్టని కాయ, మంచి పులుపు. లోపం ఒక్కటే, ఈ చలిలో పండదు. ప్రతి ఏడూ పచ్చికాయలతో నిలబడి మంచుకు చస్తుంది. మూటలో ఇదే ఆఖరి గింజ. ఈసారి గెలవకపోతే ముత్తాత విత్తు నాతోనే సరి.

పక్కింటి రెడ్డెమ్మక్క మొక్క చూస్తే నవ్వొస్తుంది. టమోటా ఆకంటే అంచులు చీలి ఉండాలా? దీని ఆకు వెడల్పుగా, నున్నగా, అచ్చం బంగాళాదుంప ఆకు. ఎప్పుడో సరుకుల బండి తోలుకొచ్చినవాడు సద్దిలో తిని పారేసిన పండు గింజ అది. వాడు మళ్ళీ రాలేదు.

"అక్కా, ఇది టమేటానా ఉర్లగడ్డా? కాయ కోస్తావా, గడ్డ తవ్వుతావా?" అన్నాను.

"నవ్వబ్బా, బాగా నవ్వు. నవ్విన నాపచేనే పండుతాదంట" అంది. ఆమెకు అరవై దాటాయి. నోటికి మాత్రం ఇంకా పదును తగ్గలేదు.

ఆషాఢం, శుక్రవారం

ఇప్పుడు పొద్దు వాలదు. సూర్యుడు కొండ అంచు మీద దొర్లుతుంటాడు తప్ప దిగడు. వెలుతురుకు లోటు లేదు, వెచ్చదనమే లేదు.

గాలి వచ్చి నా మొక్క కొమ్మ విరిచింది. ఉన్న వాటిలోకెల్లా పెద్దకాయ తొడిమతో సహా రాలి పడింది. పచ్చగా, గట్టిగా ఉంది. చేత్తో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. యాభై దాటినవాణ్ణి కాయ కోసం ఏడిస్తే బాగుండదని ముక్కు తుడుచుకుని ఇంట్లోకి వచ్చాను.

నా భార్య మునిలక్ష్మి ఆ కాయ అందుకుంది. "ఏమయ్యా, కాయేగదా. బియ్యంలో పెడితే మాగుతాది. ఒకపూట చారుకన్నా వస్తాది" అంటూ పొయ్యి పక్కనున్న బియ్యం బానలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని పాతిపెట్టింది. వాళ్ళమ్మ అట్లాగే మామిడికాయలు మాగబెట్టేదట. ఇక్కడ మామిడి లేదు, అలవాటు మాత్రం మిగిలింది.

సాయంత్రం రెడ్డెమ్మక్క మొక్క దగ్గరికి వెళ్ళి చూశాను. గుత్తి అడుగున కాయలు తెలుపు తిరుగుతున్నాయి. వంగి చూస్తుంటే వెనక నుంచి "దిష్టి తగుల్తాది, దూరం జరుగు" అంది.

శ్రావణం, సోమవారం

గుర్రప్ప మామకు వేరే రాసిస్తాను. ఈ పుట నా కోసం.

పొద్దున మునిలక్ష్మి పాదులకు నీళ్ళు మళ్ళించడానికి పోయింది. నేను ఎసరు పెట్టి బియ్యం తీయబోతే చేతికి మెత్తగా తగిలింది. నేను దాన్ని మరిచే పోయాను. బయటికి తీశాను. ఎర్రగా ఉంది. తొడిమ ఇంకా పచ్చిగానే కనిపిస్తోంది. ఇప్పుడే మొక్క నుంచి తెంపారంటే ఎవరైనా నమ్ముతారు.

అప్పుడు ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. గాలే రాకపోతే ఇది మొక్క మీదే పండేది కదా అనుకున్నాను. ఎవరికి నష్టం అనుకున్నాను. గొట్టంలో వేన్నీళ్ళు ఉన్నంతకాలం పాదుల్లో ఏ విత్తయినా పండుతుంది, ఇది పేరు కోసం ఆడుకునే ఆటే కదా అనుకున్నాను. రెడ్డెమ్మక్క గుత్తి నిన్ననే సగం ఎరుపెక్కింది, రేపో ఎల్లుండో తెస్తుంది అని కూడా అనుకున్నాను. ఇన్ని అనుకున్నాక పండును పంచెతో తుడిచి, వెళ్ళి మంటపం గంట కొట్టాను.

ఊరంతా వచ్చింది. గుర్రప్ప మామ పళ్ళెంలో ఉప్పు పోసి ముందు పెట్టాడు. తొలి పండు తెచ్చినవాళ్ళు ఆ ఉప్పు మీద చెయ్యి ఆనించి, పండు చెట్టునే పండిందని చెప్పాలి. చూసి రావడానికి ఎవరూ వెళ్ళరు. ఉప్పు మీద చెప్పిన మాటను శంకించడం మా ఊళ్ళో లేదు.

ఆడవాళ్ళలో మునిలక్ష్మి కనిపించింది. చేతులకు బురద అట్లాగే ఉంది. నా చేతిలో పండు చూసింది. నేను ఆమెను చూడకుండా ఉప్పు మీద చెయ్యి పెట్టాను.

"చెట్టునే పండింది" అన్నాను. గొంతు బాగానే పలికింది.

ఊళ్ళో పెద్దావిడల్లో ఒకరు ఆ పండును కడగాలి. ఈ ఏడు వంతు రెడ్డెమ్మక్కది. చెంబునీళ్ళు పోస్తూ తొడిమ చుట్టూ ఉన్న ముచ్చిక ఎత్తింది. ఆగింది. వేలి కొనతో ఏదో తీసింది. తెల్లగా, చిన్నగా ఉంది. బియ్యపు గింజ. దాన్ని ఒక్క క్షణం చూసి నోట్లో వేసుకుని నమిలింది. తర్వాత నా వైపు చూసింది. నమలడం ఆపలేదు.

పండు కోసి గింజలు ఊరి కుండలోకి తీశారు. మిగతా ఇళ్ళవాళ్ళ కాయలన్నీ కోసుకొచ్చారు, అన్నీ పచ్చివే. రెడ్డెమ్మక్క గుత్తి ఒక్కటే ఎర్రబారి ఉంది. ఒక్కరోజు ఆగితే ఊరికి నిజమైన తొలి పండు అదే అయ్యేది. ఇంటింటికీ రెండేసి ముక్కలు వచ్చాయి. అందరూ ఉప్పు అద్దుకుని తిన్నారు, చల్లమట్టిలో ఇంత తీపేంటని మెచ్చుకున్నారు. మా ఇంటి ముక్కలు నా నోట్లోకి పోలేదు. రెండూ మునిలక్ష్మికి ఇచ్చాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని గబుక్కున మింగేసింది.

"పేరు చెప్పు రాయుడూ" అన్నాడు గుర్రప్ప మామ.

"మునుసామి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

శ్రావణం, శనివారం

ఇంట్లో గొడవ జరిగి ఉంటే బాగుండేది. మునిలక్ష్మి తిట్టలేదు. అన్నం పెడుతోంది, నీళ్ళు ఇస్తోంది. కానీ బియ్యం తానే కొలుస్తోంది. నేను బాన దగ్గరికి పోతే వచ్చి ముందు నిలబడుతోంది. "జరుగు" అంటోంది, అంతే.

గింజలు ఎండాయి. ఇంటింటికీ పంచారు. దారిలో కనిపించినవాళ్ళంతా "మునుసామి మనవడా" అని పిలుస్తున్నారు. మొదటిసారి పిలిచినప్పుడు ఒళ్ళు పొంగింది. అది కూడా రాసుకోవాలి. ఒళ్ళు పొంగింది, ఆ తర్వాత దొడ్డిదారిన నడవడం మొదలుపెట్టాను.

కార్తీకం, బుధవారం

కార్తీకదీపం పెట్టుకోవడానికి ఇక్కడ చీకటికి కొదవ లేదు. మిట్టమధ్యాహ్నం పెట్టుకోవచ్చు.

గుర్రప్ప మామ అందరినీ మంటపానికి పిలిపించాడు. మామూలుగా కూచున్నాక ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తాడు. ఇవాళ అట్లా ఏమీ లేదు.

"కొట్టంలో యంత్రాలు మారుస్తా ఉండారంట. కొత్తవి వెలుతురుతో లెక్క కడతాయంట. వేడి పుట్టదంట. ఉగాది నించీ గొట్టంలో వేన్నీళ్ళు రావు" అన్నాడు.

వెనక నుంచి ఎవరో "అయితే పాదులు?" అన్నారు.

"ఉండేది చల్లమట్టే. దాంట్లోనే పండించుకోవాల. కొండవతలోళ్ళకు టమేటా ఇయ్యలేకపోతే మనకు చేప ల్యా, కట్టె ల్యా. మిట్ట ఖాళీ చేసి కిందికి పోవాల్సిందే. ఆడ పగలు తలుపు తీస్తే ఒళ్ళు కాల్తాదంట. నా మనవరాలికి పురుడొచ్చేది ఎండాకాలమే." గొంతు సవరించుకున్నాడు. "అయినా మనకు భయమేంది? ఇట్లాంటి రోజొస్తాదనే పెద్దోళ్ళు సొంత మొక్క పెట్టమన్నారు. చల్లమట్లో పండిన విత్తు మనకాడ ఉండాది. రాయుడి మునుసామి ఉండాది!"

అందరూ నా వైపు తిరిగారు. ఒకావిడ వచ్చి నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. నా అంత సిగ్గుమాలినవాడు ఈ మిట్ట మీద లేడు.

చీకట్లో ఇంటికి నడిచి వస్తుంటే మునిలక్ష్మి నాకు ముందు పోయింది. లాంతరు ఆమె దగ్గరే ఉంది.

మార్గశిరం, మంగళవారం

చెప్పేద్దామని గుర్రప్ప మామ ఇంటికి వెళ్ళాను. "మామా, ఆ విత్తు గురించి ఒక మాట" అన్నాను.

"నాకు తెల్సులే అల్లుడా. నీకూ భయంగానే ఉండాదేమో. ఊరి బరువంతా నీ విత్తు మీదనే పడె. నువ్వేం దిగులుపడొద్దు" అని వీపు నిమిరాడు. మనవరాలు వేడి వేడి రాగి సంగటి పెట్టింది. తిని వచ్చాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. నేను సంగటి కూడా తిన్నాను.

దారంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు చెబితే మాత్రం ఏం లాభం? రెడ్డెమ్మక్క పండ్లు ఎప్పుడో తినేశారు. ఆ గింజ ఒక్కటి కూడా లేదు. ఉన్న కాస్త ధైర్యమూ పోగొట్టడం తప్ప నేను చేసేదేమిటి? వినడానికి చాలా బాగుంది. పిరికివాడికి న్యాయాలు తొందరగా దొరుకుతాయి.

పుష్యం, గురువారం

రెడ్డెమ్మక్కకు దగ్గు పట్టిందని మునిలక్ష్మి మిరియాల చారు ఇచ్చి పంపింది. ఇవ్వడానికి నన్నే ఎందుకు పంపిందో నాకు తెలుసు.

అక్క గొంగడి కప్పుకుని పొయ్యి దగ్గర కూచుని ఉంది. గిన్నె అందుకుని మూత తీసి చూసింది.

"దీంట్లో టమేటా ఉండాదా? చెట్టున పండిందా, ఇంకేందాంట్లోనన్నా పండిందా?" అంది.

నేను ఆమె ఎదుట నేల మీద కూచున్నాను. "అక్కా, నువ్వు ఆ పొద్దే ఎందుకు చెప్పలా?"

"నేను చెప్తే ఏమంటారు? ముసిల్ది తన మొక్క గెలవలేదని కుళ్ళుకుంటాండాదంటారు. రెండుదినాలు పోతే నువ్వే చెప్తావులే అనుకుంటి. గింజలు పంచిరి, నువ్వు చెప్పలా. వేన్నీళ్ళు నిలిచిపోతాయని తెలిసె, అప్పుడూ చెప్పలా. ఆ పొద్దు నోరు మూసుకున్నందుకు నాకూ సిగ్గుగానే ఉండాది రాయుడూ. నీ సిగ్గులో నాకూ పాలు పెడితివి."

"ఇప్పుడు చెప్తా. కానీ చెప్తే నీ విత్తు వస్తాదా అక్కా? నీ పండ్లు అప్పుడే అయిపోయె."

ఆమెకు దగ్గు తెర వచ్చింది. తగ్గాక కోపంగా అంది. "నా పండ్లు యాడికి పోయినాయో తెలీదా? ఊరంతా మింగింది. ముప్పై ఇండ్ల దొడ్డి గుంతల్లో ఉండాయి. పో, పొయ్యి తెచ్చుకో!"

తిట్టాలనే అంది. నేను మాత్రం లేచి నిలబడ్డాను. మా ముత్తాత కాలంలో జనం చెంబు పట్టుకుని పోయే బీళ్ళలో ఎవరూ నాటని టమోటా గుబురుగా మొలిచేదని మా నాయన నవ్వుతూ చెప్పేవాడు. కడుపులో పడినా చావని గింజ అది. ఉడికిస్తేనే చస్తుంది. మేము రోజూ తినేది పప్పులో, చారులో ఉడికినదే. పచ్చిగా తినేది ఏడాదికి ఒక్కరోజు.

"అక్కా, నీ మొక్క ఆకు" అన్నాను.

ఆమె కూడా ఆగింది. "ఉర్లగడ్డ ఆకు" అంది నెమ్మదిగా. ఏ గింజ ఎవరిదో మొలకప్పుడే ఆకు చెబుతుంది.

మాఘం, ఆదివారం

మా ఊళ్ళో నీళ్ళతో కడిగే మరుగుదొడ్లు లేవు, నీళ్ళు గడ్డకడతాయి. ఎవరింటి గుంత వాళ్ళదే. బూడిద చల్లి మూస్తారు, మంచు కరిగాక ఎరువుగా తీస్తారు. ఆ గుంతలు తెరవాలంటే ఇంటివాళ్ళను అడగాలి. అడిగితే ఎందుకంటారు.

మొదట మా వీధి చివరి ఇంటికి వెళ్ళి, "పాదుకు ఎరువు కావాల" అన్నాను. వాళ్ళు సంబరపడిపోయారు. మునుసామి విత్తుకు మా ఇంటి ఎరువా అని ఇంటాయన గడ్డపార కూడా తెచ్చి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని గుంతదాకా పోయాను. ఇంకొక్క అబద్ధంతో పని అయిపోయేది. కానీ నేను మొలకలు వెతుకుతూ ఉంటే ఊరు నా మాగబెట్టిన విత్తు చల్లుకుంటుంది. వెనక్కి వచ్చి గడ్డపార గోడకు ఆనించి, సంగతంతా చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోవడానికి కొంతసేపు పట్టింది. పాపం, నమ్మడానికి ఇష్టపడలేదు.

అక్కణ్ణుంచి నేరుగా గుర్రప్ప మామ దగ్గరికి వెళ్ళాను. మధ్యలో ఆపనివ్వకుండా గబగబా చెప్పాను. రాలిన కాయ, బియ్యం బాన, ఉప్పు పళ్ళెం. ఆయన కుర్చీలోంచి లేచాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననిపించింది.

"ఉప్పు మీద చెయ్యి పెట్టి చెప్పినావు గదరా" అన్నాడు. అంతకుముందు నన్ను ఎప్పుడూ "రా" అనలేదు. "గుంత ఇంటెనక ఉండాది. పార నీదే తెచ్చుకో."

తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గడప ముందూ అదే మాట మొదటి నుంచి చెప్పాలి, చెప్పాక వాళ్ళ దొడ్డి ఎరువు అడగాలి. కొందరు తలుపు మూశారు, మళ్ళీ తీసేదాకా మంచులో నిలబడ్డాను. ఒకాయన కాండ్రించి ఉమ్మాడు. కార్తీకంలో నా చేతులు కళ్ళకద్దుకున్నావిడ తన చేతుల వైపు చూసుకుంది. అన్నింటికన్నా అదే తగిలింది. ఇంకో ఇంట్లో కోడలు అంతా విని, "మా అత్తకు చెవుడు. ఇంకోతూరి గట్టిగా చెప్పు" అంది. వీధంతా వినబడేట్టు అరిచి చెప్పాను. "బియ్యంలో మాగబెట్టినా!" అని. ఆ ముసలావిడ, "ఏమి, మామిడికాయలా?" అంది. అప్పుడు పక్కింట్లో నవ్వులు వినిపించాయి. నవ్వనీ.

గడ్డకట్టిన ఎరువును ముప్పై ఇళ్ళ నుంచీ పెళ్ళగించి, బండిలో లాక్కుని మా ఇంటికి చేర్చాను. మొలకెత్తాలంటే అది వెచ్చగా ఉండాలి. వెచ్చగా ఉండేది పొయ్యి దగ్గరే.

మునిలక్ష్మి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇంట్లోకా?" అంది.

"ఇంట్లోకే."

"ఊరందరిదీనా?"

"ఊరందరిదీ."

కొంగు ముక్కుకు కట్టుకుని బండికి అవతలి వైపు పట్టింది. "బియ్యం బాన ఆ మూలకు జరుపుతా, ఆగు" అంది.

ఫాల్గుణం, బుధవారం

ఇల్లంతా పెట్టెలే. ఒక్కో దాని మీద ఇంటిపేరు రాశాను. వాసన గురించి రాయను. మా ఇంటికి వచ్చేవాళ్ళు ఎటూ లేరు కనుక ఇబ్బంది లేదు.

ఇళ్ళవాళ్ళు మునుసామి గింజలు తెచ్చి మా గడప ముందు పోసి పోయారు. అన్నీ తుడిచి ఎత్తి పొయ్యిలో వేశాను. చిటపటమన్నాయి. ముత్తాత పేరుతో నేను చేసింది ఆయనే చూస్తే గంప మీద బట్ట కప్పుకునేవాడు.

మొలకలు వస్తున్నాయి. మొదటి రెండాకులు అన్నింటివీ ఒకటే. మూడో ఆకుకు తెలుస్తుంది. చీలిన ఆకు, చీలిన ఆకు, మళ్ళీ చీలిన ఆకు. పీకుతూనే ఉన్నాను. గుర్రప్ప మామ పెట్టె ఖాళీ. వీధి చివరి ఇంటి పెట్టె ఖాళీ. జనం మెచ్చుకుంటూ కసకసా నమిలి తిన్నారు మరి. రెడ్డెమ్మక్క దగ్గుతూనే రోజూ వచ్చి పెట్టెల మీద వంగి చూసి పోతోంది.

ఫాల్గుణం, ఆదివారం

మా ఇంటి పెట్టెను అందరికన్నా వెనక పెట్టాను. దాన్ని చూడాలనిపించలేదు. ఈ పొద్దున మునిలక్ష్మి దాన్ని ముందుకు లాగి, "ఏమయ్యా, ఈడికి రా" అని పిలిచింది.

వెడల్పుగా, నున్నగా, అంచులు చీలకుండా ఉన్న ఆకులు. ఒకటి కాదు. పెట్టెలో ఒక మూలంతా అవే. మిగిలిన ఇళ్ళ పెట్టెలన్నీ కలిపినా నాలుగైదు లేవు. ఇక్కడ గుంపుగా ఉన్నాయి.

"ఇవి నేను తిన్నవి కావు. నేను తినలా" అన్నాను.

"తెల్సు. నేను తింటి." మొలకల వైపే చూస్తూ అంది. "నీ పక్కన నిలబడి నమలడానికి నోరు రాలేదు. సిగ్గుతో అట్లే మింగేస్తి. రెండు ముక్కలూ."

ఆమె ముందు ఏడిచాను. ఈసారి ముక్కు తుడుచుకోలేదు. ఆమె వెళ్ళి రెడ్డెమ్మక్కను పిలుచుకొచ్చింది.

శ్రావణం, శుక్రవారం

ఉగాది నుంచి గొట్టం చల్లగా ఉంది. కొట్టంలో కొత్త యంత్రాలు చప్పుడు కూడా చేయవు. నాకు దులపడానికి జల్లెడలు లేవు. వేసవంతా ఆ మొలకల కొమ్మలు తుంచి నాటుతూ నారు మోశాను, ఎవరి పాదు దగ్గర పని ఉన్నా పిలవకముందే పోయాను. కొందరు మాట్లాడుతున్నారు, కొందరు ఇంకా మాట్లాడలేదు.

ఇవాళ మంటపం గంట మోగింది. కొట్టింది రెడ్డెమ్మక్క. చేతిలో చిన్న ఎర్రటి పండు ఉంది. ఊరి పాదులన్నింటిలోనూ గుత్తులు అదే రంగు తిరుగుతున్నాయి. కొండవతల వాళ్ళు వచ్చి చూసి, చేపల లెక్క మాట్లాడుకుని పోయారు. గుర్రప్ప మామ మనవరాలు పసిబిడ్డను ఎత్తుకుని ముందు వరసలో కూచుంది.

ఉప్పు పళ్ళెం పెట్టారు. రెడ్డెమ్మక్క నన్ను వేలితో పిలిచింది.

"నాకు దగ్గొస్తాది. నువ్వు చెప్పు" అంది.

వద్దంటారని చూశాను, ఎవరూ అనలేదు. ఆ పండు కోయడం కళ్ళారా చూసినవాణ్ణే కనుక ఉప్పు మీద చెయ్యి పెట్టాను. "చెట్టునే పండింది" అన్నాను. నిరుడు అబద్ధానికి పలికిన గొంతు ఈసారి నిజానికి పలకలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

గుర్రప్ప మామ పండు తీసుకుని ముచ్చిక ఎత్తి చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు, వాడూ ఎత్తి చూశాడు. అట్లా వరసంతా తిరిగింది. ఇకమీదట ప్రతి ఏడూ చూస్తారట. నేను పోయాక కూడా చూస్తారు, ఎందుకు చూస్తున్నామని పిల్లలు అడిగితే చెబుతారు.

"పేరు చెప్పు రెడ్డెమ్మా" అన్నాడు మామ.

ఆమె ఆలోచించలేదు. "చెంగల్రాయ" అంది.

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత మంటపమంతా నవ్వింది. చెవిటి ముసలావిడ కోడలిని అడిగి తెలుసుకుని అందరికన్నా చివర నవ్వింది. మునిలక్ష్మి కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. పేరు నిలబడాలని ఆశపడ్డాను కదా, నిలబడింది. ఏటా నారు పోసే వేళ ముప్పై ఇళ్ళవాళ్ళూ నన్ను మట్టిలో చల్లుతారు. చెవులు కాలిపోతున్నాయి, అయినా తల దించుకోకుండా అక్కడే నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక మునిలక్ష్మి పొయ్యి రాజేసి, అటు తిరిగే అంది.

"ఎసరు కాగుతాండాది. పోయి బియ్యం తీసుకురా."

ఏడాది తర్వాత బాన మూత తీశాను. చేతికి బియ్యం తప్ప ఏమీ తగల్లేదు. అయినా అడుగుదాకా తడిమి చూసి, అప్పుడు కొలిచి తెచ్చాను.